గానుగ ఇంజన్ ఆర్‌పీఎం: పల్స్‌లను లెక్కపెట్టడం మాని, చుట్టుకు పట్టే కాలాన్ని కొలవండి

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు విషయం ఇది. పూతలపట్టు దగ్గర మీ మేనమామ గారి బెల్లం గానుగకు ఒకే సిలిండరున్న 5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్ ఉంది, దాని రేటెడ్ వేగం 1500 ఆర్‌పీఎం (నిమిషానికి 1500 చుట్లు). ఫ్లైవీల్ అంచున ఒక చిన్న మాగ్నెట్ అతికించి, దానికి ఎదురుగా ఎ3144 హాల్ సెన్సర్ (మాగ్నెట్ దగ్గరికి రాగానే ఒక పల్స్, అంటే సంకేతం ఇచ్చేది) పెట్టి, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో ఒక సెకనులో వచ్చే పల్స్‌లను లెక్కించి 60తో గుణిస్తున్నారు. ఇంజన్ నిలకడగా నడుస్తున్నట్టు చెవికి తెలుస్తున్నా, తెరపై అంకె 1440, 1500, 1560 మధ్య గెంతుతోంది, అప్పుడప్పుడు 1700, 2000 కూడా దాటుతోంది. మీ స్నేహితుడు మైక్రోస్ ఫంక్షన్‌తో (గడిచిన కాలాన్ని మైక్రోసెకన్లలో చెప్పేది) రాసిచ్చిన ప్రోగ్రాం 1485, 1515 అని ఒకదాని తరువాత ఒకటి చూపుతోంది. బోర్డు చిప్‌లో కాలాన్ని లెక్కించే టైమర్1ను మీరు నేరుగా వాడితే ఏకంగా 8296 వచ్చింది. తిరుపతిలో మీ కాలేజీ ప్రాజెక్టు రివ్యూ నాటికి తప్పును 5 ఆర్‌పీఎం లోపుకు తేవాలని అడిగారు.

ఈ అంకెల్లో దేనికీ సెన్సర్ చెడిపోవడం కారణం కాదు కనుక కొత్త సెన్సర్ కొనవలసిన పని లేదు. నేను ఈ చుట్టుపక్కల జనరేటర్ ప్యానెళ్లకూ పంపుసెట్ ఇంజన్లకూ మీటర్లు కట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీకు వచ్చిన ప్రతి తప్పూ నేనూ చేసినదే కాబట్టి ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదట 1440, 1500, 1560 సంగతి. 1500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 25 చుట్లు. చుట్టుకు ఒక పల్స్ వస్తుంది కనుక లెక్కించే ఒక సెకను కిటికీలో మీకు 25 పల్స్‌లు దొరకాలి. కానీ ఆ కిటికీ ఎక్కడ మొదలవుతుందో మాగ్నెట్‌కు తెలియదు. అంచున ఒక పల్స్ లోపలికి వస్తే 26, జారిపోతే 24. ఒక్క పల్స్ తేడాకే 60 ఆర్‌పీఎం మారుతుంది, ఆ మధ్యలోని అంకె ఏదీ మీ మీటరు చూపలేదు. కిటికీని పది సెకన్లకు పెంచితే తేడా 6 ఆర్‌పీఎంకు తగ్గుతుంది గాని, చెరకు గడలు ఒక్కసారిగా ఎక్కువ దూర్చినప్పుడు ఇంజన్ గుమ్మని దిగి మళ్లీ ఎక్కడం పది సెకన్ల సగటులో కలిసిపోతుంది. అటువంటి మీటరు గానుగ దగ్గర ఎందుకూ పనికిరాదు. లెక్కింపు పద్ధతి వేల హెర్ట్జ్‌లలో వచ్చే సంకేతాలకు బాగుంటుంది, సెకనుకు పాతిక పల్స్‌లిచ్చే ఇంజన్‌కు కాదు.

అందువల్ల ప్రశ్నను తిరగవేయాలి. ఒక సెకనులో ఎన్ని చుట్లు తిరిగింది అని కాక, ఒక చుట్టుకు ఎన్ని మైక్రోసెకన్లు పట్టింది అని అడగాలి. ఒక నిమిషానికి 6 కోట్ల మైక్రోసెకన్లు కనుక, ఆ 6 కోట్లను చుట్టుకు పట్టిన మైక్రోసెకన్లతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 1500 వద్ద చుట్టుకు 40,000 మైక్రోసెకన్లు పడుతుంది. ఊనోలో మైక్రోస్ 4 మైక్రోసెకన్ల అంచెలలో కదులుతుంది కనుక, ఒక్క చుట్టు కొలిచినా ఆ అంచె వల్ల వచ్చే తేడా 0.15 ఆర్‌పీఎం మాత్రమే. 60 ఆర్‌పీఎం అంచె నుంచి 0.15కు వచ్చాం, అదీ ఒక్క పైసా ఖర్చు లేకుండా. ఇక్కడ మిల్లీసెకన్లలో కాలం చెప్పే మిల్లిస్‌ను మాత్రం వాడకండి. 40లో ఒక మిల్లీసెకను అంటే 37 ఆర్‌పీఎం పైగా తేడా. పల్స్‌ఇన్ ఫంక్షన్ కూడా వద్దు, అది పల్స్ వెడల్పును కొలుస్తుందే తప్ప ఒక పల్స్ నుంచి తరువాతి పల్స్ వరకు గల కాలాన్ని కాదు.

ఇక మీ 8296. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్ గడియారం 16 మెగాహెర్ట్జ్. టైమర్1కు మీరు ప్రీస్కేలర్ (గడియారం వేగాన్ని భాగించి టైమర్‌కు ఇచ్చేది) 8 పెట్టారు కాబట్టి ఒక్కో టిక్, అంటే టైమర్ లెక్క ఒకటి పెరగడానికి పట్టే కాలం, అర మైక్రోసెకను. టైమర్ 16 బిట్లది, 65,535 వరకు లెక్కించి సున్నాకు తిరిగి వస్తుంది, అంటే ప్రతి 32.768 మిల్లీసెకన్లకు ఒకసారి నిండిపోతుంది. 40 మిల్లీసెకన్ల చుట్టుకు 80,000 టిక్‌లు కావాలి. అందులోంచి 65,536 కనబడకుండా పోయి 14,464 మిగిలాయి, అది 7,232 మైక్రోసెకన్లు, 6 కోట్లను దానితో భాగించండి, అక్షరాలా 8296 వస్తుంది. ఆ ప్రోగ్రాం 1831 ఆర్‌పీఎం పైన సరిగ్గానే చూపుతుంది, మీరు దాన్ని వేగంగా తిరిగే చిన్న డీసీ మోటారు మీద పరీక్షించి బాగుందనుకొని ఉంటారు.

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది ప్రీస్కేలర్‌ను 64 చేయడం. అప్పుడు టిక్ 4 మైక్రోసెకన్లవుతుంది, టైమర్ నిండడానికి 262 మిల్లీసెకన్లు పడుతుంది, 229 ఆర్‌పీఎం వరకు కిందికి కొలవవచ్చు. గానుగకు అది చాలు. రెండవ దారి, టైమర్ నిండిన ప్రతిసారీ ఓవర్‌ఫ్లో ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని ఆపి నడిచే చిన్న ప్రోగ్రాం భాగంలో) ఒక లెక్కను పెంచుతూ, దాన్ని పై 16 బిట్లుగా పెట్టుకొని 32 బిట్ల కాలాన్ని తయారు చేసుకోవడం. ఇందులో ఒక మెలిక ఉంది. పల్స్ రావడమూ టైమర్ నిండడమూ దాదాపు ఒకే క్షణంలో జరిగితే, ఈ చిప్‌లో పల్స్ వచ్చిన సమయాన్ని పట్టే క్యాప్చర్ ఇంటరప్ట్‌కు ప్రాధాన్యం ఎక్కువ కనుక అదే ముందు నడుస్తుంది, ఓవర్‌ఫ్లో లెక్క అప్పటికింకా పెరిగి ఉండదు. అందుచేత క్యాప్చర్ ఇంటరప్ట్ లోపల ఓవర్‌ఫ్లో జెండా (టైమర్ నిండిందని చెప్పే గుర్తు) లేచి ఉందో లేదో చూసి, లేచి ఉండి క్యాప్చర్ అయిన విలువ 32,768 కంటే తక్కువైతే, ఆ ఒక్క పల్స్‌కు పై లెక్కలో ఒకటి కలుపుకోవాలి. ఈ సవరణ లేని ప్రోగ్రాం గంటల తరబడి బాగా నడిచి, ఎప్పుడో ఒకసారి పిచ్చి అంకె చూపుతుంది. అటువంటి తప్పును వెతకడం ఎంత కష్టమో పడినవారికే తెలుస్తుంది.

క్యాప్చర్ అన్నాను గనుక దాని ఉపయోగం చెప్పాలి. ఊనోలో డిజిటల్ 8వ పిన్ టైమర్1 ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్. దానిపై అంచు రాగానే టైమర్ విలువను హార్డ్‌వేరే పట్టి ఐసీఆర్1 రిజిస్టరులో దాచిపెడుతుంది. ప్రాసెసర్ ఆ క్షణాన మరో పనిలో ఉన్నా నష్టం లేదు, తీరిక దొరికాక వచ్చి చదువుకుంటుంది. మామూలు అటాచ్‌ఇంటరప్ట్‌లో అయితే ఇంటరప్ట్ నడిచినప్పుడు మైక్రోస్‌ను చదువుతాము, మరో ఇంటరప్ట్ అడ్డు వస్తే ఆ మేరకు చదవడం ఆలస్యమవుతుంది. నిజం చెప్పాలంటే మీ ఇంజన్‌కు పది మైక్రోసెకన్ల ఆలస్యం వచ్చినా 0.4 ఆర్‌పీఎమే, దానికోసం క్యాప్చర్ అవసరం లేదు. అయితే మీరు బ్లూటూత్‌కు సాఫ్ట్‌వేర్ సీరియల్ కలుపుతామన్నారు. ఆ లైబ్రరీ 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వద్ద ఒక్కో అక్షరం పంపేటప్పుడు దాదాపు ఒక మిల్లీసెకను పాటు ఇంటరప్ట్‌లను ఆపేస్తుంది, అప్పుడు తేడా పదుల ఆర్‌పీఎంకు పోతుంది. ఆ ఒక్క కారణానికే క్యాప్చర్ వాడమంటున్నాను. పనిలో పనిగా ఆ పిన్‌కున్న, దొంగ పల్స్‌లను వడకట్టే నాయిస్ క్యాన్సెలర్‌ను కూడా ఆన్ చేయండి.

ఇంటరప్ట్‌లో రాసే 32 బిట్ల వేరియబుల్‌ను వోలటైల్‌గా (విలువ ఎప్పుడైనా మారవచ్చని కంపైలర్‌కు చెబుతూ) ప్రకటించి, లూప్‌లో చదివేటప్పుడు ఇంటరప్ట్‌లను ఆపి నకలు తీసుకోండి. ఇది 8 బిట్ల ప్రాసెసర్, నాలుగు బైట్లను నాలుగు దఫాలుగా చదువుతుంది, మధ్యలో పల్స్ వస్తే సగం పాతది సగం కొత్తది కలిసిన అంకె చేతికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1485, 1515 అని మారి మారి వస్తున్నది చూసి మీ స్నేహితుడి ప్రోగ్రాంలో తప్పుందనుకున్నారు. అందులో తప్పు లేదు, మీకు దొరికిన అంకెలన్నిటిలో అదే అత్యంత నిజాయితీ గలది. ఇంజన్ నిజంగానే అలా తిరుగుతోంది.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది. ఒక చుట్టులో పవర్ స్ట్రోక్, ఎగ్జాస్ట్ స్ట్రోక్ ఉంటే, రెండవ చుట్టులో గాలి పీల్చుకోవడం, కంప్రెషన్ ఉంటాయి. డీజిల్ మండగానే ఫ్లైవీల్ వేగం పుంజుకుంటుంది, ఆ తరువాత బరువును లాగుతూ నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, కంప్రెషన్ చివర పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు అన్నిటికంటే కిందికి దిగుతుంది. కంప్రెషన్ లివర్ వదిలి హ్యాండిల్‌తో ఈ ఇంజన్‌ను తిప్పి చూసినవారికి ఆ చోట చేతికి తగిలే బరువు తెలుసు. మీ మాగ్నెట్ పిస్టన్ పైన ఉన్నప్పుడు సెన్సర్ ముందుకు వచ్చేలా ఉన్నట్టుంది, కాబట్టి ఒక చుట్టు 39.6 మిల్లీసెకన్లు, తరువాతిది 40.4 మిల్లీసెకన్లు పడుతున్నాయి. మొదటిది 1515, రెండవది 1485. రెండూ కలిపితే సరిగ్గా 80 మిల్లీసెకన్లకు రెండు చుట్లు, అంటే 1500. మాగ్నెట్‌ను ఫ్లైవీల్ మీద మరో చోటికి జరిపితే ఈ తేడా తగ్గవచ్చు, కానీ అది మాగ్నెట్ పెట్టిన చోటు గుణమే తప్ప ఇంజన్ నిలకడ పెరిగినట్టు కాదు.

కనుక ఈ ఇంజన్‌కు కొలత యూనిట్ ఒక చుట్టు కాదు, రెండు చుట్లు. గత పల్స్‌తో కాక, దానికి ముందరి పల్స్‌తో తేడా తీసి, 12 కోట్లను ఆ మైక్రోసెకన్లతో భాగించండి. ఏ రెండు చుట్లు తీసుకున్నా, వరుసగా ఉన్నంతవరకు, ఒక పూర్తి సైకిల్ అందులో ఇమిడిపోతుంది గనుక ఏది పవర్ చుట్టో తెలుసుకోవడానికి క్యామ్ మీద మరో సెన్సర్ పెట్టనక్కరలేదు. అంకె ఇంకా నెమ్మదిగా మారాలనుకుంటే నాలుగు చుట్లు, ఎనిమిది చుట్లు తీసుకోండి, మూడు, అయిదు మాత్రం తీసుకోకండి. సగటు తీయడమంటే కాలాలను కూడి ఒక్కసారి భాగించడం, విడివిడి ఆర్‌పీఎం అంకెల సగటు కాదు. ఎనిమిది చుట్లకు 1500 వద్ద 320 మిల్లీసెకన్లు పడుతుంది, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిల్ ర్యాక్‌ను ఊగిస్తున్నా, గానుగ మీద బరువు పడినా కంటికి తెలిసేంత త్వరగానే అంకె స్పందిస్తుంది.

నాలుగు మాగ్నెట్లు పెడితే ఖచ్చితత్వం నాలుగింతలవుతుందా అని కూడా అడిగారు. కాదు, సరిగా వాడకపోతే తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చుట్టుకొలత 1257 మిల్లీమీటర్లు, అందులో పావు 314. ఒక మాగ్నెట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు అతుక్కున్నా ఆ పావు చుట్టు కొలత 0.3 శాతం తప్పుతుంది, అది దాదాపు 5 ఆర్‌పీఎం. ఒకే మాగ్నెట్ ఉంటే అది ఎక్కడున్నా దాని నుంచి దానికే కొలుస్తాం గనుక ఆ తప్పుకు తావే లేదు. నాలుగు తప్పనిసరి అయితే ప్రతి మాగ్నెట్‌నూ దానితోనే పోల్చండి, అంటే ప్రస్తుత పల్స్‌ను, ఒక చుట్టుకైతే నాలుగు పల్స్‌ల కిందటి దానితో, రెండు చుట్లకైతే ఎనిమిది పల్స్‌ల కిందటి దానితో.

1700, 2000 అంకెలకు కారణం మీరు పంపిన ఫోటోలోనే ఉంది. సెన్సర్ నుంచి బోర్డు వరకు రెండు మీటర్ల మామూలు వైరును చెరకు రసం తోడే మోటారు వైరుతో కలిపి ఒకే ట్యాగ్‌తో కట్టారు. ఎ3144 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అది లైనును కిందికి లాగగలదే తప్ప పైకి నెట్టలేదు. పైకి లాగే పని మీరు చిప్ లోపలి పుల్-అప్‌కు వదిలేశారు, అది 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉండే బలహీనమైన రెసిస్టర్, మోటారు ఆన్ అయినా ఆఫ్ అయినా ఆ వైరులో ముల్లు లాంటి పల్స్ పుడుతుంది. బోర్డు దగ్గర 5 వోల్టులకు 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కట్టండి, సెన్సర్ కాళ్ల దగ్గరే సప్లైకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, షీల్డ్ వైరు వాడి షీల్డును బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి, మోటారు వైరుకు జానెడు దూరంగా లాగండి. క్యాప్చర్ పడే అంచుపై ఉండాలి, ఎందుకంటే ట్రాన్సిస్టర్ లాగే అంచు నిటారుగా ఉంటుంది, రెసిస్టర్ లేపే అంచు వాలుగా ఉంటుంది.

ఇవన్నీ చేశాకే ప్రోగ్రాంలో జల్లెడ పెట్టాలి, ముందు కాదు. ఈ ఇంజన్ 3000 ఆర్‌పీఎం ఎన్నటికీ తిరగదు కనుక, ఒకే మాగ్నెట్ ఉన్నప్పుడు, గత పల్స్ తరువాత 20 మిల్లీసెకన్ల లోపు వచ్చినదాన్ని వదిలేయండి. వదిలేసిన పల్స్ సమయాన్ని గత పల్స్ సమయంగా దాచుకోకండి, చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు, దాంతో ఒక దొంగ పల్స్ తరువాతి మంచి కొలతను కూడా పాడు చేస్తుంది.

మాగ్నెట్‌ను ఫ్లైవీల్ అంచుకు కేవలం జిగురుతో అతికించడం నాకు నచ్చలేదు, ఇది ఖచ్చితత్వం మాట కాదు, ప్రాణం మాట. 1500 ఆర్‌పీఎం వద్ద 20 సెంటీమీటర్ల దూరంలో 5 గ్రాముల మాగ్నెట్‌ను దాదాపు 25 న్యూటన్ల బలం బయటికి లాగుతుంది, అంటే దానికి రెండున్నర కిలోల బరువు వేలాడదీసినట్టు. నూనె తడి, వేడి, అదురు కలిసి ఏదో ఒకరోజు అది ఊడి, పక్కనే గడలు అందించే మనిషి వైపు రాయిలా వస్తుంది. పోత ఇనుప ఫ్లైవీల్‌కు రంధ్రం వేయడం కూడా వద్దు, పగులుకు దారి అవుతుంది. లేత్ పనివారితో షాఫ్ట్ కొనకు బిగించే చిన్న అల్యూమినియం కాలర్ చేయించి, దానిలో గుంట తీసి మాగ్నెట్‌ను అందులో కూర్చోబెట్టి, పైన పలుచని అల్యూమినియం రేకు పట్టీ స్క్రూలతో బిగించండి. అక్కడ వ్యాసార్ధం 3 సెంటీమీటర్లే కనుక లాగే బలం నాలుగు వందల గ్రాముల బరువుకు లోపే ఉంటుంది. దక్షిణ ధ్రువం సెన్సర్ పేరు అచ్చయిన ముఖం వైపు ఉండాలి, ఎడం రెండు మూడు మిల్లీమీటర్లు. సెన్సర్ బిగింపు షెడ్డు రాటకు కాక ఇంజన్ బాడీకే ఉండాలి, లేకపోతే ఇంజన్ ఊగిన ఊపంతా కొలతలో కలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ అంకెను నిలకడగా చేస్తాయి, నిలకడగా ఉన్న అంకె నిజమైనదని అర్థం కాదు. ఈ పాఠం నాకు ఒక కల్యాణ మండపం జనరేటర్ నేర్పింది. నేను కట్టిన మీటరు కదలకుండా 1500 చూపుతుంటే, ప్యానెల్‌లోని ఫ్రీక్వెన్సీ మీటరు 50.2 హెర్ట్జ్ చూపింది. చుట్టుకు రెండు సైకిళ్లిచ్చే నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్‌కు 50.2 అంటే 1506 ఆర్‌పీఎం. రెండు రోజులు ఆ ఫ్రీక్వెన్సీ మీటరునే తప్పుపట్టాను. చివరికి తేలిందేమిటంటే, ఊనోలో ప్రధాన చిప్‌కు గడియారంగా ఉన్నది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, సెరామిక్ రెసొనేటర్. దానికి అర శాతం వరకు తప్పు మామూలే, 1500 మీద అది 7.5 ఆర్‌పీఎం. మీరు అడిగిన 5 ఆర్‌పీఎం హద్దు అక్కడే దాటిపోతుంది.

దీన్ని సరిదిద్దడం తేలికే. నియో-6ఎం లాంటి జీపీఎస్ మాడ్యూల్‌ను మేడ మీద ఆకాశం కనబడే చోట పెడితే, ఉపగ్రహాలు దొరికాక దాని పీపీఎస్ కాలు సెకనుకు ఒక పల్స్ ఇస్తుంది, ఆ పల్స్‌లో తప్పు మైక్రోసెకనులో చిన్న భాగం మాత్రమే. దాన్ని 8వ పిన్‌కు ఇచ్చి, ప్రీస్కేలర్ 8తో, ఓవర్‌ఫ్లోలను కలుపుకుంటూ రెండు పల్స్‌ల మధ్య టిక్‌లు లెక్కించండి. సరైన గడియారమైతే 20,00,000 రావాలి. నా బోర్డులో 20,08,000కు కాస్త అటూఇటూ వచ్చింది. మీకు వచ్చిన అంకెనే సెకనుకు టిక్‌లుగా ప్రోగ్రాంలో రాసుకోండి, 20 లక్షలను కాదు. ప్రీస్కేలర్ 64 వాడితే దాన్ని ఎనిమిదితో భాగించి రాయండి. రెసొనేటర్ వేడికి కొంత జరుగుతుంది గనుక బోర్డును సైలెన్సర్‌కూ బెల్లం పొయ్యికీ దూరంగా పెట్టండి. కొత్తగా కొనేటట్టయితే క్వార్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డునే కొనండి. ఎస్‌టీఎం32, ఈఎస్‌పీ32 బోర్డులకైతే పుల్-అప్‌ను 3.3 వోల్టులకు కట్టాలి.

ఇంజన్ ఆగినప్పుడు పల్స్ రాదు, పల్స్ రాకపోతే కొత్త కొలత ఉండదు, మీటరు చివరి అంకెనే పట్టుకొని కూర్చుంటుంది. అందువల్ల లూప్‌లో చివరి పల్స్ తరువాత గడిచిన కాలాన్ని చూస్తూ, అది గత చుట్టు కాలం కంటే బాగా పెరిగితే, గడిచిన కాలం నుంచే ఆర్‌పీఎం లెక్కించి చూపండి, ఒక సెకను దాటితే సున్నా రాయండి.

రివ్యూలో మీ అంకె సరైనదని ఎలా నమ్మాలని అడుగుతారు. ఫ్లైవీల్ మీద సుద్దతో ఒక గీత గీసి, చీకటి పడ్డాక పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైటు ఒక్కటే వెలిగించి చూపండి. 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, 25 చుట్లు తిరిగే ఫ్లైవీల్ మీద ఒక్క గీత నాలుగు గీతలుగా, కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. గీతలు ఇంజన్ తిరిగే వైపుకు నెమ్మదిగా జరిగితే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.9 నుంచి 50.05 మధ్య ఉన్నప్పుడు ఈ పరీక్ష 1497 నుంచి 1501.5 వరకు నమ్మదగినది, మీ 5 ఆర్‌పీఎం హద్దుకు అది సరిపోతుంది. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ గీతలు సరిగా కనబడవు, ట్యూబ్‌లైటే వెతకండి. లైటు మాత్రం జనరేటర్ మీద కాక గ్రిడ్ కరెంటు మీదే వెలగాలి.